విమానం ఎక్కేముందు మనుషుల్ని కూడా జోకుతారా? మా దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్‌కు దగ్గర్లో మాది చిన్న టికెట్ల దుకాణం. గోడకు ఒక స్ప్రింగ్ కాంటా వేలాడుతుంటుంది. ప్రయాణం రేపనగా జనం సూట్‌కేసు తెచ్చి దానికి తగిలించి జోకుకుని పోతారు, పైసలేమీ తీసుకోను. ఇదివరకు ప్రశ్నలన్నీ బ్యాగుల గురించే ఉండేవి. ఎక్కడో ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల్ని వరసగా కాంటా ఎక్కిస్తున్న వీడియో వాట్సాప్‌లో తిరిగినప్పటి నుంచి మనుషుల బరువు గురించి మొదలైంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి మొదటిసారి పోతున్న అమ్మానాన్నలకైతే ఇదొక కొత్త టెన్షన్. చెప్పిందే చెప్పలేక రాసి పెడుతున్నాను. లోడింగ్ సంగతులు కొన్ని శంషాబాద్‌లో పనిచేసే మా బావమరిదిని అడిగి తెలుసుకున్నవి.

## టికెట్ తీసుకునే ముందు

శంషాబాద్‌లో మమ్మల్ని కూడా కాంటా మీద నిలబెడతారా?

నిలబెట్టరు. హైదరాబాద్ నుంచి తిరుపతికి పోయినా, దుబాయ్‌కి పోయినా, అమెరికాకి పోయినా మామూలు ప్రయాణికుల విమానాల్లో కాంటా ఎక్కేది సామానే. మీ బరువు ఎవరూ అడగరు, బోర్డింగ్ పాస్ మీద రాయరు.

మరి ఆ వీడియో అబద్ధమా?

కాదు, నిజంగానే జోకారు. 2023లో మే 31 నుంచి జులై 2 వరకు ఆక్లండ్ నుంచి విదేశాలకు పోయే ప్రయాణికుల్ని ఎయిర్ న్యూజిలాండ్ గేటు దగ్గర జోకింది. పదివేల మందికి పైగా లెక్క కావాలని పెట్టుకున్నారు. దేశంలోపల తిరిగేవాళ్లను అంతకుముందే 2021లో జోకారు. అదే 2023 ఆగస్టు, సెప్టెంబరుల్లో కొరియన్ ఎయిర్, 2024 ఫిబ్రవరిలో హెల్సింకిలో ఫిన్‌ఎయిర్ కూడా ఇదే పని చేశాయి. ఇది రోజూ జరిగేది కాదు. కొన్నేళ్లకోసారి చేసే సర్వే. జనం సగటు బరువు ఎంత మారిందో చూసుకుని లెక్కల్లోని అంకెను సరిచేసుకోవడానికి చేస్తారు. వీడియో పంపినవాళ్లు ఈ ముక్క చెప్పకుండా 'ఇక లావుగా ఉన్నోళ్లకు విమానం బంద్' అని రాసి పంపారు.

జోకకుండా విమానం బరువు ఎట్ల తెలుస్తది?

సగటుతో. మన దేశంలో విమానాలను అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం పెద్దవాళ్లకు మనిషికి 75 కిలోలు, రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 35, రెండేళ్లలోపు చంటిపిల్లలకు 10 కిలోలు. యూరప్‌లో 30 సీట్లు, ఆపైన ఉన్న విమానాలకు మామూలుగా పెద్దవాళ్లకు 84 కిలోలు వేసుకుంటారు, అందులో చేతిసంచి బరువు కూడా కలిసే ఉంటుంది. అమెరికాలో 2005లో ఇచ్చిన సర్క్యులర్‌లో వేసవికి 190 పౌండ్లు, చలికాలానికి 195 పౌండ్లు అని రెండు అంకెలుండేవి. ఆ అయిదు పౌండ్ల తేడా చలికోటుది! మన దగ్గర సంక్రాంతికి స్వెట్టర్ తీసేవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది.

విమానానికి కావలసిన లెక్క ఇంతే: పెద్దలెందరు, పిల్లలెందరు, ఒక్కొక్కరికి ఇన్ని కిలోలు. దానికి సామాను అసలు బరువు, ఇంధనం, ఖాళీ విమానం బరువు కలుపుతారు.

నాది 95 కిలోలు, మా ఆడబిడ్డది 48. ఇద్దరికీ 75 రాస్తే లెక్క తప్పదా?

మీ ఇద్దరికీ తప్పుతుంది, విమానానికి తప్పదు. పత్తి ఏరడానికి పోయే ఆటోలో ఇద్దరు భారీ మనుషులు ఒకే పక్క కూర్చుంటే బండి ఒరిగిన సంగతి డ్రైవర్‌కు వెంటనే తెలుస్తుంది. అదే ఇద్దరు ఆర్టీసీ బస్సెక్కితే ఎవరికీ తెలియదు. మనుషులు ఎక్కువైనకొద్దీ ఒకరి ఎక్కువ ఇంకొకరి తక్కువతో కొట్టుకుపోతుంది. 180 మంది ఉన్నచోట సగటు పెద్దగా పక్కకు పోదు.

కానీ సగటు అంకే పాతబడిపోతే, తప్పు అందరిలో ఒకే వైపు ఉంటుంది. అప్పుడు కొట్టుకుపోవడానికి ఏమీ ఉండదు. 180 మందికి 75 చొప్పున 13,500 కిలోలు. నిజం సగటు 80 అయితే కాగితం మీద లేని 900 కిలోలు విమానంలో ఉన్నట్టు, అంటే 40 కిలోల వడ్ల బస్తాలు ఇరవై రెండున్నర. ఎయిర్‌బస్ ఏ320 నియో దాదాపు 79 టన్నుల దాకా బరువుతో లేవగలదు కాబట్టి దానికి ఇది వందలో ఒక వంతు మాటే. పందొమ్మిది సీట్ల విమానానికైతే మనిషికి అయిదు పది కిలోల తేడా కూడా పెద్దదే. అందుకే కొన్నేళ్లకోసారి సర్వే చేసి అంకెను కొత్తగా పెట్టుకుంటారు.

కేదార్‌నాథ్ హెలికాప్టర్ దగ్గర మా అందరినీ జోకారు. అక్కడెందుకు?

అందులో ఎక్కేది అయిదారుగురే. అంతమందిలో సగటు పనికిరాదు, ఒక్కరి బరువే లెక్క మార్చేస్తుంది. పైగా ఎత్తు ఎక్కువ, గాలి పలచన. అందుకే ఒక్కొక్కరిని జోకి, బరువు చూసి ఎవరు ముందు ఎవరు వెనక అని కూర్చోబెడతారు. ఒక పరిమితి దాటితే అదనంగా కట్టించుకుంటారు కూడా. పది సీట్లలోపు చిన్న విమానాల్లో కూడా చాలా దేశాల్లో అసలు బరువో, ప్రయాణికుడు చెప్పిన బరువో తీసుకుంటారు. అక్కడ సిగ్గుపడి పది కిలోలు తగ్గించి చెప్పకండి. పెళ్లిచూపులు కావవి.

బరువును బట్టి టికెట్ రేటు పెట్టే రోజులు వస్తాయా?

ఒకసారి వచ్చాయి. సమోవా ఎయిర్ అనే చిన్న సంస్థ 2013 ప్రాంతంలో మనిషిని, సామాన్ని కలిపి కిలోకు ఇంత అని టికెట్ ఇచ్చింది. అవి కొద్ది సీట్ల విమానాలు. పెద్ద సంస్థలేవీ ఆ దారిన పోలేదు. 92 కిలోల అమ్మకైనా 45 కిలోల కోడలికైనా నేను టికెట్ ఒకే రేటుకు ఇస్తాను. సీటు మరీ ఇరుకైతే పక్క సీటు కూడా కొనుక్కునే వీలుంది, కానీ అది సౌకర్యం కోసం. దానికీ బరువు లెక్కకూ సంబంధం లేదు.

టికెట్ మీద మిస్టర్, మిసెస్, మిస్ అని ఏది పెట్టినా ఒకటే కదా?

ఒకటి కాదు. నేను ఈ విషయంలో కాస్త చాదస్తంగానే ఉంటాను, దానికి కారణం ఉంది. 2020 జులైలో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు పోయే ఒక విమానంలో 'మిస్' అని రాసుకున్న 38 మంది పెద్ద ఆడవాళ్లను కంప్యూటర్ చిన్నపిల్లలుగా లెక్కగట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ తయారైన దేశంలో మిస్ అంటే చిన్నపిల్ల అట. ఒక్కొక్కరికి 69 కిలోలు పడాల్సిన చోట 35 పడ్డాయి. కాగితం మీద విమానం అసలు బరువుకన్నా 1,200 కిలోలకు పైగా తక్కువ చూపించింది. క్షేమంగానే లేచింది, క్షేమంగానే దిగింది. బ్రిటన్ దర్యాప్తు సంస్థ మాత్రం దాన్ని తీవ్రమైన ఘటనగా రాసింది. మనకూ 'కుమారి' అంటే పెళ్లికాని అమ్మాయా, చిన్నపిల్లా అని తేడా ఉండదు కదా, అట్లాంటిదే. పాస్‌పోర్టులో ఉన్న పుట్టిన తేదీ, సరైన సంబోధన ఇవ్వండి. పిల్లాడికి పన్నెండు నిండినా పదకొండని రాయించి రేటు తగ్గించుకుందామనే బేరాలు నా దగ్గర వద్దు.

## సామాను సర్దేటప్పుడు

బ్యాగు కిలో ఎక్కువైతే పైసలు గుంజుతారు, మనిషి ముప్పై కిలోలు ఎక్కువున్నా ఊరుకుంటారు. ఇదేం న్యాయం?

న్యాయం సంగతి పక్కన పెడితే లెక్క ఇది. మనుషులకు సగటు పనిచేస్తుంది, ఎందుకంటే ఎవరూ ప్రయాణం కోసమని బరువు పెరిగి రారు. సామాను అట్లా కాదు. పరిమితి లేకపోతే మనం ఎంత తెస్తామో మనకు తెలుసు. ఒక బ్యాగు తొమ్మిది కిలోలుంటే పక్కది నలభై. పైగా బ్యాగులు అడుగున ముందు అరలో కొన్ని, వెనక అరలో కొన్ని వేస్తారు. ఏ అరలో ఎంత బరువుందో కచ్చితంగా తెలియాలి. అదనపు సామానుకు తీసుకునే పైసల్లో వ్యాపారం లేదని నేననను.

రెండు బ్యాగులు కలిపి 46 కిలోలే కదా, ఒకే పెద్ద బ్యాగులో వేస్తే ఏమైతది?

తీసుకోరు. ఒక్క బ్యాగు 32 కిలోలు దాటొద్దన్నది చాలాచోట్ల గట్టి నిబంధన. ఇది విమానం కోసం పెట్టింది కాదు, ఎత్తే మనుషుల నడుముల కోసం. విమానం అడుగు అరలో నిటారుగా నిలబడే ఎత్తుండదు. మోకాళ్ల మీద కూర్చుని బ్యాగును పక్కకు విసరాలి. మా బావమరిది బెల్టు కట్టుకుని పోతాడు పనికి.

మామిడికాయ తొక్కు, సకినాలు కోటు జేబుల్లో పెట్టుకుంటే జోకరు కదా?

జోకరు. నవ్వొస్తుంది కానీ చాలామంది చేసే పనే ఇది. ఒకాయన చొక్కా మీద చొక్కా మూడు వేసుకుని, జర్కిన్ జేబుల్లో రెండు కిలోల పల్లీలు పోసుకుని పోయాడు. ఒక్కరు చేస్తే విమానానికి ఏమీ కాదు. అయితే సర్వేల్లో మనిషిని చేతిసంచితో, కోటుతో కలిపి నిలబెట్టి జోకేది ఇందుకే. జేబుల్లో ఉన్నది కూడా బరువే. తొక్కు మాత్రం చేతిసంచిలో వద్దు. నూనె ఉంటుంది కాబట్టి సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. గట్టిగా మూత పెట్టి పెద్ద బ్యాగులో వేయండి.

## చెక్-ఇన్ దగ్గర

విదేశంలో ఎక్కడైనా సర్వే అని కాంటా ఎక్కమంటే ఎక్కాలా? అందరి ముందు చదువుతారా?

ఇష్టముంటేనే. ఫిన్‌ఎయిర్, ఎయిర్ న్యూజిలాండ్ సర్వేలు రెండూ స్వచ్ఛందమే. ఆక్లండ్‌లో కాంటా మీద అంకె కనపడే తెరే పెట్టలేదు. బరువు నేరుగా కంప్యూటర్‌లోకి పోతుంది, పేరు లేకుండా. ఎక్కనంటే మీ ప్రయాణం ఆగదు. వడ్ల కొనుగోలు కేంద్రంలో లాగా తరుగు తీసేవాళ్లెవరూ ఉండరక్కడ.

చంటిపిల్ల ఒళ్లోనే కూర్చుంటది, చెప్పకపోయినా నడుస్తదా?

నడవదు. రెండేళ్లలోపు పాపకు సీటు అక్కర్లేకపోయినా టికెట్‌లో పేరుండాలి. బరువు చూస్తే పది కిలోలే. అంతకన్నా పెద్ద సంగతి, లోపల ఎన్ని ప్రాణాలున్నాయో ఆ కాగితంలో కచ్చితంగా ఉండాలి. పాప కోసం వేరే బెల్టు, వేరే లైఫ్ జాకెట్ ఇస్తారు.

ఎండాకాలంలో మేం చేరాం, మా బ్యాగులు చేరలేదు. బరువెక్కువైందన్నారు. అదేంది?

ఇది నిజంగా జరుగుతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజను బలం కూడా తగ్గుతుంది. అదే రన్‌వే మీద అదే విమానం చలికాలంలో ఎత్తగలిగినంత బరువు మే నెల మధ్యాహ్నం ఎత్తలేదు. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ దాదాపు 48 డిగ్రీలకు పోతే చిన్న జెట్ విమానాలు పదుల సంఖ్యలో రద్దయ్యాయి. ఎత్తు ప్రదేశాల్లోనూ ఇదే తంటా. లేహ్ విమానాశ్రయం 3,200 మీటర్లకు పైన ఉంటుంది. అక్కడి విమానాలు ఎక్కువగా పొద్దున్నే తిరగడానికి అప్పుడు గాలి చల్లగా ఉండటం ఒక కారణం.

శంషాబాద్ కూడా సముద్రమట్టానికి 600 మీటర్ల పైనే ఉంది. కానీ రన్‌వే నాలుగు కిలోమీటర్లు దాటి పొడవుండటంతో అక్కడ పెద్దగా ఇబ్బంది రాదు. తిరుగు ప్రయాణంలో చిన్న రన్‌వే నుంచి వచ్చేటప్పుడే ఎక్కువ చూశాను. బరువు తగ్గించాల్సి వస్తే మనుషుల్ని దించడం కన్నా బ్యాగుల్ని దించడం సులువు, అందుకే అవి ఆగిపోతాయి. ఇక్కడ నాకు కోపం వచ్చేది ఒకదానికే: దించిన సంగతి ముందే చెప్పరు. మా వీధి పెద్దాయన ఒకరు దిగినచోట బెల్టు దగ్గర గంటన్నర నిలబడ్డాడు, మందులన్నీ ఆ బ్యాగులోనే. రోజూ వేసుకునే మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి.

## విమానం ఎక్కిన తర్వాత

ముందు సీట్లన్నీ ఖాళీగా ఉన్నా కూర్చోనివ్వలేదు. ఎందుకంత పట్టింపు?

మొత్తం బరువెంత అన్నది సగం లెక్కే. ఆ బరువు ఎక్కడుందన్నది మిగతా సగం. ఎడ్లబండి వెనక బస్తాలు ఎక్కువ పడితే కాడి పైకి లేస్తుంది, ఎడ్ల మెడలు పట్టేస్తాయి. ముందు ఎక్కువైతే భారమంతా ఎడ్ల మెడ మీదే. బండి తోలేవాడు ఇరుసుకు అటూ ఇటూ సరిచూసి పేరుస్తాడు. సోమశిల దగ్గర కృష్ణలో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. పుట్టి నడిపేవాడు ఛార్జీ అడగకముందే ఎవరు ఎక్కడ కూర్చోవాలో వేలుపెట్టి చూపిస్తాడు.

విమానానికి ఇరుసు దాని రెక్కల దగ్గర అనుకోండి. బరువు కేంద్రం అక్కడ ఒక చిన్న హద్దులోపలే ఉండాలి. ముందుకు పోతే ముక్కు లేవనంటుంది, వెనక్కి పోతే ముక్కు దానంతటదే లేచిపోతుంది. రెండోది మరీ ప్రమాదం. లోడ్ లెక్క వేసేవాళ్లు సీట్లను మూడు నాలుగు భాగాలుగా విడగొట్టి ఏ భాగంలో ఎందరున్నారో రాసుకుంటారు. ఒకరు మారితే ఏమీ కాదు. ఖాళీ విమానంలో ఇరవై మంది లేచి ముందుకొస్తే రాసిన లెక్క మారిపోతుంది. గాల్లోకి లేచాక అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు.

రాజమండ్రి పోయే చిన్న విమానానికి తోక కింద ఒక కర్రలాంటిది పెట్టారు. అదెందుకు?

మీరు గమనించినందుకు సంతోషం. అది ఏటీఆర్ విమానం. దాంట్లో జనం వెనక తలుపు నుంచి ఎక్కుతారు. ఇరవై ముప్పై మంది ఒకేసారి వెనక గుమిగూడితే తోక కిందికి దిగి, ముందు చక్రం లేచే అవకాశముంది. అందుకే ఊతకర్ర. ఎడ్లు విప్పిన బండికి పెట్టినట్టే. అందరూ కూర్చున్నాక తీసేస్తారు. పెద్ద విమానాలకూ ఇది తప్పలేదు. 2023 అక్టోబరులో న్యూయార్క్‌లో ఒక ఏ321 గేటు దగ్గర జనం దిగుతుండగానే తోక మీద కూర్చుండిపోయింది. ముందువాళ్లు దిగారు, వెనక బరువు వెనకే ఉంది.

గాల్లో అందరం ఒకేసారి వెనక బాత్రూం దగ్గరికి పోతే?

తోక రెక్కను కొద్దిగా సర్దుకుని విమానం అట్లాగే పోతుంది. ఆ పని కంప్యూటరో పైలటో చేస్తూనే ఉంటారు, భోజనం బండి కదిలినా చేస్తారు. లేచేటప్పుడు, దిగేటప్పుడే ఈ గొడవంతా.

బరువు లెక్క తప్పి నిజంగా ప్రమాదం జరిగిందా, ఊరికే భయపెడతారా?

జరిగింది. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో పందొమ్మిది సీట్ల విమానం ఒకటి లేచీ లేవగానే ముక్కు పైకెత్తి కూలిపోయింది. సిబ్బందితో కలిపి లోపలున్న 21 మందీ చనిపోయారు. తోక రెక్కను కదిలించే తీగను మరమ్మతులో తప్పుగా బిగించడం ఒక కారణం. రెండోది బరువు. కాగితం ప్రకారం అంతా హద్దులోనే ఉంది, కానీ మనుషులకు, బ్యాగులకు వాడిన సగటు పాతది. అసలు బరువు అంతకన్నా ఎక్కువ, అది కూడా వెనకవైపు. ఒక్క తప్పైతే తట్టుకునేదేమో, రెండూ ఒకేసారి కలిశాయి. ఆ తర్వాతే అమెరికాలో ప్రయాణికుల సగటు బరువును పెంచారు.

సామాను కదిలినా ఇంతే. 2013 ఏప్రిల్‌లో అఫ్గానిస్తాన్‌లోని బాగ్రాం నుంచి లేచిన ఒక కార్గో 747లో కట్టిన సైనిక వాహనం ఊడి వెనక్కి జారి విమానాన్నే పడగొట్టింది.

ఈ లెక్క చివరికి ఎవరి చేతిలో ఉంటుంది?

లోడ్‌షీట్ అనే ఒక కాగితం మీద. ఇప్పుడు చాలాచోట్ల తెర మీదే వస్తుంది. తలుపు మూసే ముందు అది కెప్టెన్‌కు చేరాలి, ఆయన చూసి ఒప్పుకోవాలి. చివరి నిమిషంలో ఇద్దరు రాకపోతే వాళ్ల బ్యాగులు వెతికి దించి అంకె దిద్దుతారు. 'తలుపులు మూయకుండా ఏం చేస్తున్నార్రా' అని మనం విసుక్కునే ఆ పది నిమిషాల్లో ఒక్కోసారి జరిగేది ఇదే.

ఇంత తంటా ఎందుకు, లారీని ఎక్కించినట్టు విమానాన్నే ధర్మకాంటా ఎక్కిస్తే పోదా?

ఈ ప్రశ్న అడిగింది జడ్చర్లలో పల్లీల వ్యాపారం చేసే ఒకాయన. నాకైతే చాలా నచ్చింది. ఖాళీ విమానాన్ని నిజంగానే అట్లా జోకుతారు. కొన్నేళ్లకోసారి గాలి తగలకుండా షెడ్డులో పెట్టి, చక్రాల కింద కాంటాలు పెట్టి చూస్తారు. గాలి ఎందుకు తగలొద్దంటే, రెక్క కదా, గాలి వీస్తే అది కొంత బరువు మోసేసి కాంటాను మోసం చేస్తుంది. రన్‌వే పక్కన ధర్మకాంటా కుదరకపోవడానికి అదొక కారణం. రెండోది, జనం, సామాను, ఇంధనం అన్నీ నిండాక 'ఎక్కువైంది' అని తేలితే మళ్లీ వెనక్కి తిప్పి దించాలి. ఎంత ఇంధనం పోయాలో ముందే తేల్చుకోవాలంటే బరువు ముందే కావాలి. చక్రాల కాళ్లలోనే బరువు పట్టే సెన్సర్లు కొన్ని కార్గో విమానాల్లో ఉన్నాయి. వాటిని కూడా లెక్కతో సరిపోల్చుకోవడానికే వాడతారు.

మీ దుకాణంలో కాంటా కరెక్టేనా?

పది కిలోల బియ్యం సంచి తగిలిస్తే 9 కిలోల 800 గ్రాములు చూపిస్తోంది. స్ప్రింగ్ ముసలిదైంది. 23 కిలోల పరిమితి ఉంటే మా కాంటా మీద ఇరవై రెండు దగ్గర ఆపుకోండి.